ఎస్వీ రంగారావు అంటే గదా, గర్జనేనా? ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళ మాట చెప్పండి

సాయంత్రం_ఆట
నాలుగు నెలలుగా ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఎస్వీఆర్ సినిమా ఒకటి పెట్టుకుంటున్నాం. మొదలుపెట్టింది నాన్న కోసం. ఇప్పుడు ఆయన నిద్రపోయినా నేను చివరిదాకా చూస్తున్నాను. మొన్న మా అన్నయ్య కొడుకు (ఇంటర్ చదువుతున్నాడు) మధ్యలో లేచిపోతూ "ఈయన ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడు బాబాయ్" అన్నాడు. చాలా బాధేసింది. కానీ ఆలోచిస్తే తప్పు వాడిది కాదు. వాడు చూసినవి మూడే: పాతాళభైరవి, మాయాబజార్, భక్త ప్రహ్లాద. పండగొస్తే టీవీలో వేసేవీ అవే, ఫోన్లో ముక్కలుగా తిరిగేవీ అవే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, తిట్టేవాళ్ళు తిట్టండి. ఆయన గద పట్టినప్పటికంటే భుజాన కండువా వేసుకున్నప్పుడే పెద్ద నటుడు. మిస్సమ్మలో జమీందారు గోపాలాన్ని చూడండి. సినిమా 1955 జనవరిలో వచ్చింది, ఆయన పుట్టింది 1918 జులైలో, అంటే అప్పటికి 36 ఏళ్ళు. ఆ వయసులో ఒక ఊరికి పెద్దమనిషిలా, కూతురు తప్పిపోయిన తండ్రిలా కనిపించాలి. ఆ బెంగ గురించి ఆయన పెద్దగా మాట్లాడరు. సావిత్రిని చూసినప్పుడల్లా ముఖం కాస్త మెత్తబడుతుంది, అంతే. మా అమ్మ అయితే అక్కడే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, కథ తెలిసి కూడా.

మావాడికి ఇంకేం చూపించాలో చెప్పండి.

కీచకపక్షం
ఒప్పుకోను. కండువా వేసుకుని మంచి తండ్రి వేషం వేసినవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు, నాగయ్య గారు ఉన్నారు, గుమ్మడి గారు ఉన్నారు. గోపాలాన్ని వాళ్ళలో ఎవరు వేసినా సినిమా నడిచేది. నర్తనశాలలో కీచకుణ్ణి వేరే ఎవరు వేస్తారు చెప్పండి? 1964లో జకార్తాలో ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఆ పాత్రకే. తెలుగు ముక్క రానివాళ్ళు చూసి ఇచ్చారు అది. భాష తెలియనివాళ్ళకి అరుపు వినిపిస్తే బహుమతి ఇస్తారా? నడక చూసి, చూపు చూసి ఇచ్చారు.

నూజివీడు_రసం
36 ఏళ్ళా?? నేనెప్పుడూ ఆయన యాభై దాటినాయన అనే అనుకున్నా.

రేడియో_రాణి
@నూజివీడు_రసం ఇంకా విను. గుండమ్మ కథ (1962) నాటికి ఆయనకు 44 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన కొడుకులుగా వేసిన రామారావు గారికి 39, నాగేశ్వరరావు గారికి 37. రామారావు గారి కంటే ఐదేళ్ళే పెద్ద! దేవదాసులో అయితే 34 ఏళ్ళకే నాగేశ్వరరావు గారికి తండ్రి. మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా? తెర మీదకు రాగానే ఇంటిపెద్ద వచ్చాడు అనుకుని సర్దుకుని కూర్చున్నాం.

నూజివీడు_రసం
అన్నట్టు ఆయన పుట్టింది మా నూజివీడులోనే. మామిడిపళ్ళ తర్వాత మాకు గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఆయనే 😀

పాతరీలు
కీచకపక్షం గారన్నది సగం నిజం. గోపాలాన్ని వేరేవాళ్ళు వేసినా సినిమా నడిచేది అన్నారు, అది మాత్రం తప్పు. నాగయ్య గారు వేస్తే ఆ జమీందారు సాధువైపోయేవారు. రంగారావు గారి గోపాలంలో ఒక రకమైన సరదా ఉంది. ఇంట్లో అందరూ తన మాట వింటున్నారనుకుంటూ ఉంటాడు, నిజానికి భార్యా కూతురూ చెప్పిందే జరుగుతుంటుంది. ఋష్యేంద్రమణి గారితో ఆయన మాట్లాడే సీన్లు మళ్ళీ చూడండి. పెళ్ళయి పాతికేళ్ళయిన జంట ఎలా ఉంటారో అలాగే ఉంటారు.

చిన్నబ్బాయి_కర్నూలు
ఇంతకీ జగదేకవీరుని కథలో విలన్ రాజుగా ఎంత నవ్వించాడు ఆయన. దాన్ని ఎవరూ చెప్పలేదే.

రేడియో_రాణి
అది రాజనాల గారు తమ్ముడూ. ఆ సినిమాలో ఎస్వీఆర్ లేరు.

చిన్నబ్బాయి_కర్నూలు
అయ్యో, ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటున్నా. ఈ రాత్రికే మళ్ళీ చూస్తా.

గోదారిగట్టు
సాయంత్రం_ఆట గారూ, మీ వాడు 'అరుస్తాడు' అన్న మాట మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. పాతాళభైరవి ఇంట్లో చూడ్డం వేరు, హాల్లో చూడ్డం వేరు. మా తాతగారు ఆ సినిమా 1951లో టెంటు హాల్లో నేల మీద కూర్చుని చూశారు. వందల మంది, పిల్లల ఏడుపులు, సోడాల గోల, ఒకే ఒక స్పీకరు. ఆ గోలలో చివరి వరసకు వినపడాలి. ఇప్పుడు మనం రెండు గజాల దూరంలో కూర్చుని సౌండు పెంచుకుని చూస్తూ అరుస్తున్నాడు అంటున్నాం. అదీగాక ఆయన నాటకాల్లోంచి వచ్చిన మనిషి, కాకినాడలో స్టేజీ ఎక్కినప్పుడు మైకులేం ఉంటాయి.

నన్ను మాత్రం తాతగారు చచ్చేదాకా, ఆ సినిమాలో ఎస్వీఆర్ మాంత్రికుడిలా, "డింభకా" అనే పిలిచారు. నా అసలు పేరు బడిలో చేర్చేటప్పుడు ఆయనకు గుర్తురాలేదట.

కీచకపక్షం
డింభకా 😂😂 ఇకమీదట మేమూ అలాగే పిలుస్తాం.

సాయంత్రం_ఆట
@గోదారిగట్టు ఇది నాకు తట్టలేదు, నిజమే. అయితే ఒక్క ప్రశ్న. ఆయన గొంతు అంత పెద్దదని ఆయనకూ తెలుసు కదా. అదే 1955లో మిస్సమ్మలో ఎందుకు దాచుకున్నారు? ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలిసే కదా. ఆ తెలివే నాకు ఎక్కువ నచ్చింది. అందుకే కండువా వేషాలు అన్నాను.

లక్ష్మిటీచర్
నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, వాళ్ళు దేనికి కదలకుండా కూర్చుంటారో కొంచెం తెలుసు. భక్త ప్రహ్లాద (1967) మా బడిలో ఒకసారి తెర కట్టి వేశారు. హిరణ్యకశిపుడు గర్జించినప్పుడు పిల్లలు భయపడలేదు, నవ్వారు. కానీ కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గురువుగారు ఏం నేర్పారని ముద్దుగా అడిగే చోట, పిల్లాడి నోట హరి పేరు రాగానే ఆ ముఖం మారుతుంది చూడండి, అక్కడ బడి మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. ముద్దు చేస్తున్న తండ్రి ముఖం అలా గట్టిపడిపోవడం ప్రతి పిల్లాడికీ తెలిసిన భయం. రోజారమణి గారు అప్పుడు చిన్నపిల్ల, ఎంత బాగా చేసిందో చెప్పనక్కర్లేదు, కానీ ఆ సీను ఎదుట ఉన్న తండ్రి వల్ల నిలబడింది. కాబట్టి గద ఒకటీ, కండువా ఒకటీ అని విడగొట్టకండి. ఆ రాక్షసుడిలోనే మీరు చెప్పే తండ్రి ఉన్నాడు.

పాతరీలు
లక్ష్మిగారూ, ఈ చర్చలో ఇంతవరకూ ఇదే మంచి మాట.

హైద్రాబాదీ_పోరడు
నేను చూసిందే మాయాబజార్ ఒక్కటి, అదీ 2010లో రంగుల్లో వచ్చినప్పుడు మా అక్కతోని థియేటర్ల. ఘటోత్కచుడు ఎంటర్ అయినప్పుడు హాల్ మొత్తం విజిల్సే. మస్తుంటది. ఇండ్ల అరుపులేమున్నయ్, నాకైతే కనబడలే. పిల్లగాని లెక్క సంబరపడుతుంటడు ఆయన.

పాతరీలు
రంగుల ప్రతి చూడకు తమ్ముడూ, నలుపు తెలుపులోనే చూడు. మార్కస్ బార్ట్లీ కెమెరా వెలుగునీడలు రంగు పూస్తే ఎక్కడుంటాయి?

హైద్రాబాదీ_పోరడు
రంగుల ప్రతి రాకుంటే నేను ఆ సినిమా జోలికే పోకపోదును అన్నా. దాని వల్లనే కదా ఇప్పుడు ఇక్కడ కూసున్న.

పాతరీలు
సరే, అది కాదనలేను.

రేడియో_రాణి
మాయాబజార్ మాట వచ్చింది కాబట్టి నా మనసులో చాలా ఏళ్ళుగా ఉన్నది ఒకటి చెప్తాను. ఆ సినిమాలో ఎస్వీఆర్ నటన సగం ఆయన తెర మీద లేనప్పుడు కనిపిస్తుంది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక అక్కడున్నది సావిత్రి. ఆవిడ చేసేది శశిరేఖను కాదు, శశిరేఖ ఒంట్లో ఉన్న రంగారావు గారిని. ఛాతీ విరిచి బరువుగా వేసే అడుగులు, ఆడపిల్లనని మరిచిపోయి ఒక్కసారి గంభీరమైపోయి మళ్ళీ సర్దుకోవడం, పెళ్ళిపీటల మీద రేలంగి కాలు తొక్కడం. పాటలో కూడా సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు వచ్చిపోతుంది.

ఒకసారి అనుకోండి: అంత పెద్ద నటి అనుకరించాలంటే అనుకరించడానికి ఒక మనిషి ఉండాలి కదా. వట్టి అరుపే అయితే ఆవిడ ఏం తీసుకునేది? ఒక నడక ఉంది, తల పంకించే పద్ధతి ఉంది, సంతోషం వచ్చినప్పుడు ఒళ్ళంతా కదిలే తీరు ఉంది. మీ అబ్బాయికి ఆ ముక్క పెట్టి, "ఇప్పుడు ఈమెలో ఆయన్ని వెతుకు" అని చెప్పండి. మా ఇంట్లో ఈ ఆట పిల్లలతో ఆడించాను, ఆ తర్వాత వాళ్ళే సినిమా మొదటి నుంచీ పెట్టమన్నారు.

సాయంత్రం_ఆట
రాణిగారూ, ఇది చదివి ఒళ్ళు జలదరించింది. మాయాబజార్ ఇరవైసార్లు చూసుంటాను, ఇలా చూడలేదు.

నూజివీడు_రసం
మా మేనల్లుడు రెండేళ్ళవాడు అన్నం తినాలంటే 'వివాహ భోజనంబు' పెట్టాల్సిందే. ఆయన లడ్డూ మింగితే వీడు ముద్ద మింగుతాడు. అంత బాగా పాడేవారు కూడానన్నమాట.

గోదారిగట్టు
పాడింది మాధవపెద్ది సత్యం గారు. ఎస్వీఆర్ పద్యాలు, పాటలు చాలావాటికి ఆయనే. కానీ మీరు అలా అనుకోవడమే వాళ్ళిద్దరికీ మంచి మెప్పు. మాట్లాడే గొంతులోంచి పద్యం గొంతులోకి వెళ్ళేటప్పుడు అతుకు కనబడదు.

తిరువళ్ళూరు_తెలుగు
నేను పుట్టి పెరిగింది తమిళ దేశంలో. మా ఇంట్లో ఆయన్ని 'అప్పా' వేషాల నటుడిగానే చూశారు. ఇక్కడి నా స్నేహితులకు ఘటోత్కచుడి కంటే కర్పగం (1963) మామగారు, పడిక్కాద మేదై (1960) లో శివాజీ గణేశన్‌ని పెంచిన పెద్దాయన ఎక్కువ తెలుసు. ఆ రెండోదే తెలుగులో ఆత్మబంధువు (1962), అందులోనూ ఆయనే. రెండూ ఇంట్లో వారం తేడాలో చూశాను. కథ ఒకటే, పాత్ర ఒకటే, అయినా ఎదుట శివాజీ ఉంటే ఒకలా, రామారావు ఉంటే ఒకలా చేస్తారు. శివాజీ కన్నీళ్ళు పెట్టుకుంటే ఈయన ఇంకా బిగుసుకుపోతారు. మా పక్కింటి పెద్దావిడకు ఆయన తెలుగువాడని నేను చెప్తే నమ్మలేదు.

కీచకపక్షం
ఇది కొత్త విషయం. రెండూ చూడాలి.

పాతరీలు
ఒక చేదుమాట అనాలి, క్షమించండి. చివరి ఐదారేళ్ళలో వచ్చిన తండ్రి, తాత వేషాలు కొన్ని నాకు ఒకేలా అనిపిస్తాయి. కొడుకులు మోసం చేయడం, ఈయన గుండె పట్టుకోవడం. తాతా మనవడు (1973) లో ఆయన పడిన కష్టం తెలుస్తూనే ఉంటుంది, కానీ కథ ఆయన చేత మరీ ఎక్కువ ఏడిపించింది. సాయంత్రం_ఆట గారు కండువా వేషాలన్నీ గొప్పవన్నట్టు రాశారు, అందులోనూ తాలూ గింజా ఉన్నాయి.

లక్ష్మిటీచర్
తాతా మనవడు మీద నేను ఒప్పుకోను. ఆ సినిమా మా వీధిలో ఎన్ని ఇళ్ళలో ఎన్ని మాటలు పుట్టించిందో నాకు తెలుసు. కొత్త దర్శకుడు, దాసరి గారికి అది మొదటి సినిమా, కొడుకు వేషంలో రాజబాబు. హాస్యనటుడు ఎదుట ఉంటే పెద్ద నటులు కొంచెం తేలిగ్గా తీసుకుంటారు, ఈయన అలా చేయలేదు. రాజబాబును నిజంగా కన్నకొడుకులాగే చూశారు. అందుకే మనకూ కోపం వచ్చింది. అప్పటికి ఆయనకు 54. మరుసటేడు జులైలో పోయారు, 56 ఏళ్ళకు. తాతలుగా చూసిన మనిషి తాత వయసుకు రాకుండానే వెళ్ళిపోయారు. పద్మ పురస్కారం కూడా ఇవ్వలేదు ఆయనకు, అది నాకు ఈ రోజుకీ కోపమే.

పాతరీలు
వయసు సంగతి గుర్తుచేసి నా నోరు మూయించారు టీచర్ గారూ. అయినా నా మాట నాదే.

ఉత్తరాంధ్ర_వాడు
బొబ్బిలి యుద్ధం (1964) ఒక్కరూ అనలేదేంటి! బొబ్బిలి రాజు పేరు రంగారావు, ఆ వేషం వేసింది రామారావు. మన రంగారావు వేసింది తాండ్ర పాపారాయుడు. మా అమ్మమ్మ ఈ లెక్క చెప్పి ప్రతిసారీ నవ్వేది. మాది బొబ్బిలి దగ్గరే, పాపారాయుడంటే మాకు బొమ్మ కాదు, ఇంట్లో చెప్పుకునే మనిషి. కోట పోయిందని తెలిశాక ఆయన ముఖం చూడండి. అక్కడ అరిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఆయన అరవలేదు. పగ తీర్చుకోడానికి శత్రువు గుడారంలోకి వెళ్ళేటప్పుడు కూడా కోపం కంటే దుఃఖమే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

కీచకపక్షం
అదీ మాట. చూశారా, కత్తి పట్టిన వేషంలో కూడా అరవలేదు. నా వాదన అదే.

సాయంత్రం_ఆట
వాదన మీరే గెలుస్తున్నట్టున్నారు. కానీ ఒక సినిమా పేరు ఎవరైనా చెప్తారని చూస్తున్నాను.

గోదారిగట్టు
బంగారు పాప?

సాయంత్రం_ఆట
అదే!! నేను చూడలేదింకా. ప్రింటు ఎలా ఉందో?

గోదారిగట్టు
ప్రింటు మీద ఆశ పెట్టుకోకండి. నేను చూసినదాంట్లో మధ్యలో గీతలు, ఒకచోట మాట వెనకబడింది. చీకటి సీన్లలో ఫోన్లో ఏమీ తెలియదు, పెద్ద తెర మీద, గదిలో దీపాలు ఆర్పి చూడండి. బీఎన్ రెడ్డి గారు తీశారు, 1955. జార్జ్ ఇలియట్ నవల సైలస్ మార్నర్ ఆధారం. పాలగుమ్మి పద్మరాజు గారి రచన, కృష్ణశాస్త్రి గారి పాటలు. ఎస్వీఆర్ కమ్మరి కోటయ్య. తాగుబోతు, మొరటు, లోకం మీద పగ. ఒక పసిపిల్ల దొరుకుతుంది. ఇంతకంటే చెప్పను.

ఒకటి మాత్రం చెప్తా. మిస్సమ్మ వచ్చిన ఏడాదే ఇది కూడా. అనార్కలిలో అక్బరూ అదే ఏడాది. జమీందారు, కమ్మరి, చక్రవర్తి, ముగ్గురూ ఒకే మనిషి, పన్నెండు నెలల్లో. చేతులు చూడండి చాలు. గోపాలం చేతులు ఎప్పుడూ పని చేయని చేతులు, కోటయ్యవి సమ్మెట కొట్టి కొట్టి వంకరపోయిన చేతులు.

నూజివీడు_రసం
అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసొచ్చిన మనిషి కదా, కొలిమి ముందు భయమేముంటుంది 🙂

రేడియో_రాణి
నిజమే, బందరులో, విజయనగరంలో చేశారు. మొదటి సినిమా వరూధిని (1946) ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం కూడా చేశారు. అక్కడే ఉండిపోయి ఉంటే? నాకు ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా భయమేస్తుంది.

ఉత్తరాంధ్ర_వాడు
ఆయన దర్శకత్వం చేసిన రెండూ ఎవరైనా చూశారా? చదరంగం (1967), బాంధవ్యాలు (1968). రెండిటికీ నంది అవార్డులు వచ్చాయి.

లక్ష్మిటీచర్
బాంధవ్యాలు చూశాను. తన వేషాన్ని పెంచుకోలేదు. సావిత్రి గారికీ, కుర్రవాళ్ళకూ చోటిచ్చారు. ఇంటి కథ, అన్నదమ్ముల కథ. గద పట్టిన సినిమా తీయొచ్చు కదా, ఆయన చేతిలో డబ్బు ఆయనది. తీయలేదు. సాయంత్రం_ఆట గారి వైపు ఏదైనా సాక్ష్యం ఉందంటే ఇదే.

కీచకపక్షం
టీచర్ గారు పార్టీ మార్చారు!

సాయంత్రం_ఆట
ఆదివారం బంగారు పాప చూశాం. దీపాలు ఆర్పమన్నారని ఆర్పాం. ప్రింటు మీరు చెప్పినట్టే ఉంది, రెండుసార్లు ఆగింది కూడా. మావాడు ముందు ఫోను పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. కోటయ్య ఆ పాపను మొదటిసారి ఎత్తుకునేటప్పుడు, ఎత్తుకోవడం చేతకాక చూస్తాడు చూడండి, అక్కడ ఫోను పక్కన పెట్టాడు. నేను ఏమీ అనలేదు, అంటే మళ్ళీ తీస్తాడని భయం. నాన్న నిద్రపోలేదు ఈసారి. 'తాధిమి తకధిమి తోలుబొమ్మ' వచ్చినప్పుడు గొంతు కలిపారు, మాట పోయిందేమో ఆయనకు అనుకున్నాం ఈమధ్య, కానీ పాట మాత్రం ఒక్క అక్షరం తప్పలేదు.

అయిపోయాక మావాడు "ఈయనేనా ఆ మాంత్రికుడు?" అని అడిగాడు. అవునన్నాను. మళ్ళీ పాతాళభైరవిలో ఆయన కనిపించే చోటు పెట్టించుకుని, ముక్కు దగ్గర నుంచి చూశాడు, అదే ముఖమా కాదా అని.

వచ్చే ఆదివారం నర్తనశాల పెడదామంటున్నాడు. "అందులో నిజంగా అరవడా?" అని కీచకపక్షం గారిని అడగమన్నాడు.

కీచకపక్షం
సైరంధ్రిని మొదట చూసే దగ్గర సౌండు కొంచెం పెంచమను, తగ్గించొద్దు. అక్కడ ఆయన ఊపిరి వినాలి.

గోదారిగట్టు
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. తోలుబొమ్మ పాట సంగతి చదివి రెండుసార్లు ఆగాను.

హైద్రాబాదీ_పోరడు
నేను కూడా ఆదివారం అదే పెడుతున్న. తొమ్మిదింటికి మొదలుపెడితే మీతోని కలిసి చూసినట్టుంటది.

సాయంత్రం_ఆట
తొమ్మిది కాదు, ఎనిమిదిన్నర. నాన్నకు మాత్రలు వేసే టైము అయ్యాక వెంటనే.